చిక్కుడుమడిలో చిన్నపిల్ల

లిథారి, 6 మార్చి 1978

తమ్ముడు ప్రొద్రొమోస్‌కి,

నేను బాగానే ఉన్నాను. కళ్ళు మాత్రం సూదిలో దారం ఎక్కించనివ్వడం లేదు. నువ్వు బాగున్నావని నువ్వే రాసేదాకా నమ్మను. మొన్న రేడియోలో ఉత్తర సముద్రంలో గాలివాన అన్నారు. ఇక నాకు కునుకు పడితే ఒట్టు. పొద్దున మేస్త్రీ లాజరోస్ వచ్చి, "ఏంటి పిన్నీ, కళ్ళు ఉల్లిపాయల్లా ఉబ్బాయి?" అన్నాడు.

"మా తమ్ముడు ఆ గాలివానలో ఉన్నాడురా," అన్నాను.

"ఓడలో ఉన్నాడు కదా! ఈదుకుంటూ పోవట్లేదు కదా!" అని పళ్ళికిలించాడు. రాళ్ళతో పనిచేసి చేసి ఈ మేస్త్రీలకి గుండె కూడా రాయైపోతుంది.

అసలు సంగతి. నీ ఇంటికి పునాది తవ్వడం మొదలైంది. మనం శరణార్థులమై పడవ దిగినప్పుడు ప్రభుత్వం అమ్మకిచ్చిన నేల ముక్కలోనే, మా ఇంటి దిగువ చిక్కుడుమడిలోనే. పాదులు పీకేస్తుంటే ఇంట్లోకి పోయి తలుపేసుకున్నాను గానీ, తమ్ముడు పక్కకొస్తుంటే చిక్కుళ్ళెంత అనుకున్నాను. జులైలో నువ్వు ఓడ దిగేసరికి పైకప్పు పడాలని లాజరోస్‌కి రోజూ చెబుతున్నాను. రోజూ చెప్పొద్దని అతను రోజూ చెబుతున్నాడు.

నువ్వు గీసి పంపినట్టే రెండు గదులు, వేరే వంటిల్లు. వేరే వంటిల్లు ఎందుకో నాకు తెలీదు. నలభై ఏళ్ళు ఓడల్లో వండినవాడివి, నీ లెక్కలు నీకుంటాయి. నేనేమీ అనను. కిటికీ పాతపట్నం వైపే పెట్టిస్తున్నాను, ఆ విరిగిన స్తంభాలూ సముద్రంలోకి దిగిపోయిన గోడా కనబడేటట్టు. చిన్నప్పుడు ఆ గోడ మీంచి దూకి మోకాలు చీరుకున్నావు. ఇప్పుడు దూకకు.

ఈస్టరు వస్తోందని ముందుగది తెరిచి, దుమ్ము దులిపి, మళ్ళీ తాళం వేశాను. కుర్చీల మీద లేసు గుడ్డలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. అతిథులెవరూ రారనుకో. అయినా వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలి?

ఛాతీకి ఉన్నిగుడ్డ కట్టుకో. కత్తులు దూరంగా పెట్టుకో.

నీ అక్క
ఎవ్లంబియా


రాటర్‌డామ్, 20 మార్చి

అక్కా,

కత్తులు దూరంగా పెట్టుకుంటే ఉల్లిపాయలు పళ్ళతో కొరకమంటావా? ఛాతీ బాగుంది. గాలివాన రాలేదు. వచ్చినా పప్పు ఒలకలేదు. ఇంకేమైనా దిగులు మిగిలితే అదీ రాయి, వరసగా తీర్చేస్తాను.

ఓడలో ఎవరు కనబడినా ఒకటే చెబుతున్నాను: నాకొక ఇల్లు లేస్తోంది, కిటికీలో సముద్రం, పక్కింట్లో అక్క. ఇంజను మెకానిక్ విని విని, "ఒరేయ్, ఆ ఇంటికి మేస్త్రీకంటే నువ్వే ఎక్కువసార్లు సున్నం వేశావురా, నోటితో," అన్నాడు.

వేరే వంటిల్లు ఎందుకంటావా? నీ పొయ్యి దగ్గర నేను నిలబడితే మూడోరోజుకే గరిటె తీసుకుని తరుముతావు. నీ ఇల్లు నీది, నీ పద్ధతులు నీవి. నేను అడ్డం రాదలచుకోలేదు. కిందటిసారి సెలవుకొచ్చినప్పుడు నీ వంటింట్లో బెంచీ మీద పడుకున్నాను, నడుం పట్టేసింది, అయినా ఒక్కమాట అన్నానా?

మేం బ్రెజిల్ వెళ్తున్నాం. ఇకనుంచి ఉత్తరాలు సాంతోస్ రేవులో ఏజెంటు పేరిట రాయి. మరిచిపోకు. రాటర్‌డామ్ కాదు, సాంతోస్.

నడుం బాగున్న నీ తమ్ముడు
ప్రొద్రొమోస్


లిథారి, 3 ఏప్రిల్

తమ్ముడూ,

కూర్చుని చదువు. ముందే చెబుతున్నాను, నాకేం కాలేదు, లాజరోస్‌కీ ఏం కాలేదు, మేకకీ ఏం కాలేదు.

నీ పడకగది పునాదిలో గునపం ఠంగుమంది. మట్టి తీస్తే పెద్ద పెంకులు. రెండు వరసలు ఒకదానికొకటి ఆనించి, చిన్న ఇంటికప్పులా నిలబెట్టారు. లాజరోస్ ఒక పెంకు లేపాడు. లోపల ఒక చిన్నపిల్ల. ఎముకలేలే, భయపడకు. పాతపట్నంలో మనుషులు బతికిన కాలం నాటిది. నా లెక్కకి ఐదారేళ్ళుంటాయి. చేతి దగ్గర మట్టితో చేసిన పందిపిల్ల. ఊపి చూశాను. ఇప్పటికీ లోపల గలగలమంటోంది!

"పిన్నీ, నోరు ముయ్యి," అన్నాడు లాజరోస్.

"నేనేం మాట్లాడానురా?"

"మాట్లాడబోతున్నావు, నీ మొహంలో కనబడుతోంది. ఇది పురావస్తువాళ్ళ చెవిన పడిందా, మీ తమ్ముడి ఇల్లు కాగితం మీదే మిగులుతుంది. మా బావమరిది గోడ చూడలేదూ? నడుమెత్తున ఆగిపోయి కోళ్ళకి పనికొస్తోంది. రేపు పొద్దున్నే సిమెంటు పోసేస్తాను. ఈ ఊళ్ళో సగం ఇళ్ళ కింద ఎవరో ఒకరు పడుకునే ఉన్నారు. ఏ ఒక్కరైనా లేచొచ్చి అడిగారా?"

అతను చెప్పింది నిజమే. నాకూ నీ ఇల్లే కావాలి. కానీ తమ్ముడూ, సరిగ్గా ఆ పిల్ల మీద నీ మంచం వస్తుంది. నువ్వెలా నిద్రపోతావు? నువ్వు నిద్రపోయినా నేనెలా పోతాను?

మన అనతోలి, నీ చిన్నక్క, నీకు గుర్తుండదు. నువ్వప్పటికి నా చంకలో ఉండేవాడివి. దాన్ని సముద్రం అవతలి ఒడ్డున, మన పాత ఊరి చర్చి వెనక పూడ్చాం. మన ఆనవాయితీ ప్రకారం ఎముకలు పైకి తీసి కడిగే మూడేళ్ళూ నిండకుండానే మనల్ని తరిమేశారు, ఓడెక్కాం. దాన్ని ఎవరూ పైకి తీయలేదు, వైన్‌తో కడగలేదు, తెల్లగుడ్డలో కట్టలేదు. అమ్మ పోయేదాకా అదే పలవరింత. మన పిల్ల పోయి యాభై ఏళ్ళు దాటాయి. ఈ పిల్లని ఎన్ని వందల ఏళ్ళుగా ఎవరూ పలకరించలేదో!

లాజరోస్ భోజనానికి వెళ్ళగానే గోతిలోకి దిగాను. ఒక్కొక్క ఎముకా తీసి, అమ్మకి చేసినట్టే ఎర్ర వైన్‌తో కడిగి ఎండలో ఆరబెట్టాను. తెల్లగుడ్డ పరిచి, నువ్వు పంపిన కాఫీ వచ్చిన చెక్కపెట్టెలో సర్దాను. పుర్రె పైన, పందిపిల్ల పక్కన. వైన్ లాజరోస్ నీడలో దాచుకున్న సీసాలోది. తిరిగొచ్చి అతను దేనికి ఎక్కువ ఏడ్చాడో చెప్పలేను, నీ ఇంటికో ఆ సీసాకో.

పెట్టె చంకలో పెట్టుకుని ఫాదర్ థొదొరోస్ దగ్గరికి వెళ్ళాను.

"ఎవరమ్మా ఈ బిడ్డ?"

"తెలీదు ఫాదర్."

"బాప్తిస్మం అయిందా?"

"క్రీస్తు పుట్టకముందే పోయింది కదా, ఎవరిస్తారు?"

"మరి నేనేం ప్రార్థన చదవనమ్మా?" అని ఆయన గడ్డం గోక్కున్నాడు. లోపల్నించి ఆయన భార్య వింది. సాయంత్రం గంట కొట్టేలోగా ఊరంతా వింది.

రేపేమవుతుందో. నాకు మాత్రం చాలా ఏళ్ళ తర్వాత చేతులు తేలిగ్గా ఉన్నాయి. తిట్టాలనుంటే తిట్టు, కానీ భోంచేశాక తిట్టు.

నీ అక్క
ఎవ్లంబియా


లిథారి, 14 ఏప్రిల్

తమ్ముడూ,

అంతా బయటపడిపోయింది. పోలీసు సర్జెంటు వచ్చాడు. పట్నం నుంచి ప్యాంటు వేసుకున్న ఒకావిడ కూడా వచ్చింది, పేరు ఇస్మీని. గోతిలోకి చూసింది. పెట్టెలోకి చూసింది. టోపీ తీసి గట్టు మీద కూలబడింది.

"కడిగావా అమ్మా?"

"కడిగానమ్మా."

"దేంతో?"

"ఎర్ర వైన్. మంచిదే."

ఆవిడ వంగి పెట్టె వాసన చూసింది. తర్వాత, "పిల్ల తల ఎటువైపు ఉందో గుర్తుందా?" అని అడిగింది.

"ఎటుంటే ఏమ్మా, ఇప్పుడు పైనుంది," అన్నాను. అప్పుడు అరిచింది చూడు! మా మేక తాడు తెంపుకుని పారిపోయింది.

అంతా నేనే చేశానని ఒప్పేసుకున్నాను. లాజరోస్‌కి పెళ్ళాం బిడ్డలున్నారు, అతని పేరెందుకు. పెట్టె పట్టుకుపోయారు. పని ఆపించారు. మళ్ళీ వస్తామన్నారు. వస్తే జైలుకే కదా. మూట కట్టి తలుపు దగ్గర పెట్టుకున్నాను. ఉన్ని మేజోళ్ళు, ఎండురొట్టెలు, దేవమాత పటం. మేకని లాజరోస్ భార్య చూసుకుంటానంది, పాలు తనకే అని ఒప్పందం.

నువ్వు బెంగపడకు. జైలు వంట ఎలా ఉంటుందో నీకేమైనా తెలిస్తే రాయి.

(ఈసారి సాంతోస్ చిరునామాకే వేస్తున్నాను. కిందటిది అలవాటుకొద్దీ రాటర్‌డామ్‌కి వేశానేమో అని ఇప్పుడు దిగులు పట్టుకుంది. వేసే ఉంటాను.)

నీ దురదృష్టపు అక్క
ఎవ్లంబియా


సాంతోస్, 5 మే

అక్కా! అక్కా! అక్కా!

ఏ పిల్ల? ఎవరి పిల్ల? ఏం కడిగావు? తలేంటి, పైనుండటమేంటి? నాకు అందింది ఒక్క ఉత్తరమే. అందులో పోలీసులున్నారు, గొయ్యుంది, పెట్టెలో పిల్ల ఉంది, నువ్వు ఒప్పేసుకున్నావు. ముందు జరిగింది ఏదీ లేదు!

మెకానిక్‌కి చూపించాను. అతను చదివి నాకు కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు. సరంగు చదివి, "మీ వంశంలో ఇంతకుముందు ఇలాంటివి ఉన్నాయా?" అన్నాడు. కెప్టెన్ పిలిచి బ్రాందీ పోశాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి పప్పు మాడ్చాను. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు, దాంతో నాకింకా భయమేసింది.

సర్జెంటుగారికి నేనే నేరుగా ఒక ఉత్తరం రాశాను. మా అక్క డెబ్బై ఏళ్ళ మనిషి, ఈగని కూడా చంపదు, చిన్నప్పటినుంచీ దిగులు ఎక్కువ, ఈమధ్య మతి కాస్త అటూ ఇటూ అయి ఉంటుంది, దయచూపండి అని. ఎయిర్ మెయిల్‌లో వేశాను.

నువ్వు ఎవరితోనూ మాట్లాడకు. ఇక దేనికీ ఒప్పుకోకు. నిన్ను చంకనెత్తుకుని ఓడెక్కే వంతు ఇప్పుడు నాదనుకుంటాను.

ఊపిరి సరిగా ఆడని నీ తమ్ముడు
ప్రొద్రొమోస్


లిథారి, 22 మే

ప్రొద్రొమోస్‌కి,

నా మతి అటూ ఇటూ అయిందా?

సర్జెంటు నీ ఉత్తరం తెచ్చి కాఫీ హోటల్లో పైకి చదివాడు. అందరూ ఉన్నారు. ఫాదర్ కూడా ఉన్నాడు. మర్నాడు లాజరోస్ నా గుమ్మంలో ఈగలు కొట్టే బ్యాటు పెట్టి, "చంపనని మొహమాటపడకు పిన్నీ," అన్నాడు. వారం రోజులు రొట్టెలకి కూడా వెళ్ళలేదు నేను.

ఇంకో సంగతి, జైలూ లేదు ఏమీ లేదు. సర్జెంటు సంతకం కోసం వస్తే నేను మూట పట్టుకుని బయటికొచ్చాను. "ఎక్కడికి?" అన్నాడు. "మీతోనే," అన్నాను. అతను మూట విప్పి చూసి, ఒక ఎండురొట్టె తిని, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

రాటర్‌డామ్ ఉత్తరం ఈపాటికి నీకు చేరే ఉంటుంది. అయినా టూకీగా మళ్ళీ చెబుతాను. పిల్ల పాతపట్నం పిల్ల. నీ పునాదిలో దొరికింది. నేను కడిగి పెట్టెలో పెట్టింది దాన్నే. ఇస్మీనిగారు పురావస్తు శాఖావిడ. మొదటిరోజు అరిచిందే గానీ, రెండోసారి వచ్చినప్పుడు అనతోలి సంగతి చెప్పాను. విని మళ్ళీ అరవలేదు. "మీ పెట్టె తెరిస్తే మా గదంతా ఇంకా వైన్ వాసనేనమ్మా," అంది. అది తిట్టో మెచ్చుకోలో నాకర్థం కాలేదు.

ఇక అసలు మాట. రాయడానికి చెయ్యి రావడం లేదు. వాళ్ళు మడంతా తవ్వి చూస్తున్నారు. నీ వంటింటి చోట ఇద్దరు పిల్లలు దొరికారు. కిటికీ చోట ఒకడు, వాడి దగ్గర పాచికలు. పాతపట్నం వాళ్ళు వాళ్ళ చిన్నపిల్లల్నందరినీ మన చిక్కుడుమడిలోనే దాచుకున్నారట. అక్కడ ఇక ఎవరూ ఏమీ కట్టకూడదట, ఎప్పటికీ.

నీ ఇల్లు నేనే పోగొట్టాను తమ్ముడూ. లాజరోస్ సిమెంటు పోస్తానన్నప్పుడు కళ్ళు మూసుకుని ఊరుకుని ఉంటే, నీ కిటికీలోంచి నువ్వు సముద్రం చూసేవాడివి. నీ ముందు మంచిదాన్ని కావాలో ఆ పిల్ల ముందు మంచిదాన్ని కావాలో తేల్చుకునేలోపే చేతులు పని చేసేశాయి. ఏమన్నా పడతాను. మతి పోయిందని మాత్రం అనకు.

ఎవ్లంబియా


లాగోస్, 8 జూన్

అక్కా,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి, రాటర్‌డామ్‌ది ప్రపంచమంతా తిరిగి వచ్చింది. వంటింట్లో అందరికీ చదివి వినిపించాను. "ఇప్పుడు పైనుంది" అన్నచోట మెకానిక్ బెంచీ మీంచి జారిపడ్డాడు. అనతోలి దగ్గరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. సరంగు టోపీ తీశాడు.

నువ్వు మంచిపనే చేశావు. నా మంచం కిందుంటే నేను కూడా అదే చేసేవాడిని, కాకపోతే లాజరోస్ వైన్ కొంచెం రుచి చూసి.

ఇల్లు పోతే పోనీ. దిగులు పెట్టుకోకు. కంపెనీ వాళ్ళు ఇంకో రెండేళ్ళు చెయ్యమని అడుగుతున్నారు. జులైలో మన పిరేయస్ రేవుకి వస్తాం, అక్కడ సంతకం పెట్టేస్తాను. ఇల్లు లేనివాడు ఓడ దిగి ఎక్కడికి పోతాడు? నీకు ఒక్కదానివే ఉండటం అలవాటైంది, నీకు బరువు కాదలచుకోలేదు. ఆరోగ్యం బాగానే ఉంది, నడుం ఒక్కటే పొద్దున్నే గొణుగుతుంది.

సర్జెంటుగారికి క్షమాపణ ఉత్తరం రాయనా? వద్దులే.

నీ తమ్ముడు
ప్రొద్రొమోస్


లిథారి, 24 జూన్

ఒరే ప్రొద్రొమోస్,

ఇది పిరేయస్ ఏజెంటుకి వేస్తున్నాను. చిరునామా ఫాదర్ చేత రాయించాను, సర్జెంటు చేత సరిచూపించాను. సంతకం పెట్టేముందు చదువు. పెట్టేసి ఉంటే చించెయ్యి. ఉత్తరం కాదు, ఆ సంతకం పెట్టిన కాగితం.

"ఇల్లు లేనివాడు" అని రాశావే! అది చదివి, ఏప్రను తలమీదికి లాక్కుని బాగా ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి చివరికి కోపమొచ్చింది. నా ఇల్లు ఏమైందిరా? కాలిపోయిందా?

వేరే ఇల్లు గీసి పంపింది నువ్వు. వేరే వంటిల్లు, మధ్యలో గోడ! నాతో ఒక కప్పు కింద ఉండటం తమ్ముడికి ఇష్టం లేదనుకున్నాను. ముసలిదాని గొణుగుడు ఎవరు భరిస్తారు అనుకుని, ఒక్కమాట అనకుండా చిక్కుళ్ళు పీకించాను. బెంచీ మీదే పడుకుంటానన్నదీ నువ్వే. "ఇక్కడ పొయ్యి వెచ్చగా ఉంది" అన్నావు. నేను నమ్మాను.

నీ ఉత్తరం వచ్చింది శనివారం, పెద్దల పేర్లు తలచుకునే రోజు. ముందు అదెలా జరిగిందో చెబుతాను, తర్వాత నీ సంగతి.

కొలివా చేశాను. గోధుమలు ఉడికించి ఆరబెట్టి, దానిమ్మగింజలకి కాలం కాదు కాబట్టి ఎండుద్రాక్ష కలిపి, బాదంపప్పులు, పైన పంచదార మందంగా. అమ్మ పేరు, నాన్న పేరు, అనతోలి పేరు. తర్వాత, మడిలో వాళ్ళ పేర్లేమిటో తెలీదు కాబట్టి, "ఆ పిల్లలు" అని మనసులో అనుకున్నాను. పళ్ళెం పట్టుకుని మడి గట్టుకి వెళ్ళాను. ఇస్మీనిగారూ పనివాళ్ళూ మట్టిచేతులతోనే నిలబడ్డారు. ఫాదర్‌ని పిలవలేదు, ఆయన్ని ఇరుకున పెట్టడం ఎందుకని. చూస్తే ఆయనే దారమ్మట వస్తున్నాడు.

"ఎక్కడికి ఫాదర్ ఇటు?"

"నడకకమ్మా. బాప్తిస్మం లేనివాళ్ళకి నేను ప్రార్థన చదవకూడదు. కానీ నడుస్తూ నాలో నేను పాడుకోకూడదని ఎక్కడా రాయలేదు కదా."

పాడుకున్నాడు. గట్టిగానే పాడుకున్నాడు. మడి చుట్టూ నడిచి, పాట పూర్తయ్యాక చెంచా అడిగి రెండుసార్లు కొలివా పెట్టించుకున్నాడు. ఇస్మీనిగారు మూడుసార్లు. పాపం ఆవిడా పనివాళ్ళూ ఎండాకాలమంతా డబ్బా చేపలతోనే బతుకుతున్నారు. "వంటమనిషి ఎవరూ దొరకడం లేదమ్మా, మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. అప్పటికి నీ ఉత్తరం అందలేదు. లేరన్నాను.

ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం. చదివి, ఏడ్చి, కోపమొచ్చి, ఏప్రను జేబులోంచి తాళంచెవి తీశాను. ముందుగది తెరిచాను. కిటికీలు బార్లా తీశాను. కుర్చీల మీద లేసు గుడ్డలన్నీ లాగేశాను. తమ్ముడూ, ఆ కుర్చీలు ఆకుపచ్చవి! ఇన్నేళ్ళూ ఎర్రవనుకుంటున్నాను! ఎవరికోసం కప్పి పెట్టాను వాటిని? వచ్చిన అతిథి ఎవరు? నా ఒక్కగానొక్క తమ్ముడు వస్తే బెంచీ మీద పడుకోనిచ్చాను.

వెళ్ళి ఇస్మీనిగారిని పిలుచుకొచ్చాను. మట్టి ప్యాంటు చూసుకుని ఆవిడ గుమ్మంలోనే ఆగింది. "కూర్చోవమ్మా," అన్నాను. కూర్చుంది. కుర్చీకి మచ్చ పడింది. నాకేమీ అనిపించలేదు. నాకే భయమేసింది, జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసుకున్నాను.

"ఆ వంటమనిషి సంగతి," అన్నాను, "ఒకడున్నాడు. ఇప్పుడు ఓడలో ఉన్నాడు. ఒక్కసారి పప్పు మాడ్చాడు, అదీ నా మూలంగానే."

లాజరోస్ వచ్చి బల్లలు జరిపి మంచం వేశాడు. కిటికీ పాతపట్నం వైపే ఉంది. మన గోడలోనే, ఎప్పట్నించో. కర్టెను వేసి ఉండటంతో మరిచిపోయాను.

వస్తే రా. రాకపోతే ఆ మంచం మీద మేకని పడుకోబెడతాను.

అక్క


పిరేయస్, 11 జులై

అక్కా,

ఏజెంటు కలం చేతికిచ్చాడు. "ఉత్తరాలేమైనా ఉన్నాయా?" అన్నాను. "సంతకం తర్వాత ఇస్తాను," అన్నాడు. "అయితే కలం నువ్వే ఉంచుకో," అన్నాను. నువ్వు గాలివానకి భయపడి నిద్రపోనట్టే, నాకూ ఈమధ్య నీ ఉత్తరం చదవకుండా ఏ పనీ చెయ్యాలంటే భయంగా ఉంది.

నా లెక్క ఏమిటో చెబుతాను, నవ్వకు. బెంచీ మీద పడుకున్నప్పుడు రోజూ పొద్దున్నే నువ్వు ముందుగది తెరిచి, దులిపి, తాళం వెయ్యడం వినేవాణ్ణి. అతిథినైతే అక్క ఆ గది ఇచ్చేది, అతిథిని కాను కాబట్టి బెంచీ ఇచ్చింది, అతిథీ కాక ఇంట్లోవాడూ కాక నేనెవర్ని, ఒక ఇల్లు కట్టుకుంటే పొరుగువాణ్ణైనా అవుతాను అనుకున్నాను. నలభై ఏళ్ళు సముద్రం మీద ఉంటే మనిషి బుర్ర ఇలాగే పనిచేస్తుంది. మతి అటూ ఇటూ అయింది నాకే.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. కెప్టెన్ నాకు పెద్ద వంటగుండిగ బహుమతిగా ఇచ్చాడు, ముప్పైమందికి సరిపోతుంది. మెకానిక్ ఒక పెట్టె కాఫీ ఇచ్చాడు, "మీ అక్కకి మళ్ళీ ఖాళీ పెట్టె కావాలి కదా" అని. లాజరోస్‌కి వైన్ తెస్తున్నాను. ఇస్మీనిగారితో చెప్పు, డబ్బా చేపలు పిల్లులకి వేసెయ్యమని.

మేకని మంచం దింపు.

వస్తున్న తమ్ముడు
ప్రొద్రొమోస్


వంటింటి బల్ల మీద, ఉప్పుడబ్బా కింద
సెప్టెంబరు, పొద్దున

తమ్ముడూ,

నువ్వింకా గుర్రుపెడుతున్నావు, లేపబుద్ధి కాలేదు. పక్కగదిలో మనిషికి ఉత్తరం రాయడమేంటో, అలవాటు పోదు.

మడికి కాఫీ పట్టుకెళ్తున్నాను. నువ్వు లేచి గుండిగలో చిక్కుళ్ళు వెయ్యి. ఉప్పు నేనొచ్చాక వేస్తాను. నిన్న నువ్వే వేశావు, ఇస్మీనిగారు చెరువంత నీళ్ళు తాగింది. గరిటె కోసం వెతక్కు, నా దగ్గరుంది, అవసరమైతే తరమడానికి.

ఆదివారం బస్సులో మ్యూజియానికి వెళ్ళాలి, మరిచిపోకు. మన పిల్లని గాజుపెట్టెలో పెడుతున్నారట, చేతి దగ్గర పందిపిల్లతో. "తల ఎటు పెట్టమంటావమ్మా?" అని ఇస్మీనిగారు నన్నడిగి ఒకటే నవ్వడం. సముద్రం వైపు అన్నాను, అవతలి ఒడ్డు కనబడాలి కదా. సంచీలో కొంచెం కొలివా పెట్టుకున్నాను. లోపలికి తిండి రానివ్వరంటే నువ్వు కోటు కింద దాచు.

రేడియోలో మళ్ళీ గాలివాన అన్నారు. కిటికీ వేసి పడుకున్నాను, బాగా నిద్రపట్టింది.

ఇంకో మాట. ముందుగది తాళంచెవి ఏప్రను జేబులో కనబడటం లేదు. మడిలో ఎక్కడో జారిపోయి ఉంటుంది. వెతక్కు.